నీలం మేడమ్ రెండో ట్యూబు

“నా పాలల్లో విషం ఉంది పెద్దమ్మా!”

ఫోనులో అవతల గిన్నె మీద మూత పడిన చప్పుడు.

“ఎవరు కలిపారే?”

“ఎవరూ కలపలేదు. దానంతట అదే తయారవుతోందట. హైడ్రోజన్ పెరాక్సైడ్. గాయం మీద పోస్తే నురగ వస్తుందే, అది! పాప నోట్లో పాలు పడగానే పుడుతుందట.”

“ఎక్కడ రాశారు?”

“పరిశోధన పత్రంలో.”

“మొత్తం చదివావా?”

“సగం చదివాను. ఆపైన చేతులు ఆడలేదు.”

“సరే, నేను వచ్చేదాకా ఆ సగంలోనే కూర్చో,” అని పెద్దమ్మ ఫోను పెట్టేసింది.

ఫోను పట్టుకుని వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడ్డ ఆ అమ్మాయిని ఇంటిల్లిపాదీ ‘ఎమ్మెస్సీ’ అనే పిలుస్తారు. రసాయన శాస్త్రం చదివి, సబ్బుల కంపెనీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం చేస్తోంది. ఇప్పుడు కాన్పు సెలవులో ఉంది. పాప పుట్టిన దగ్గర్నుంచి ఆ చదువంతా పాప మీదే ఖర్చవుతోంది. పాప తుమ్మితే ఒక వ్యాసం చదువుతుంది, ఎక్కిళ్లు వస్తే రెండు చదువుతుంది, హాయిగా నిద్రపోతే మాత్రం “ఇంతసేపు ఎందుకు పడుకుందండీ?” అని ఇంకోటి మొదలుపెడుతుంది. “గోరంతని కొండంత చేయడానికి కూడా డిగ్రీ కావాలని నాకు పెళ్లయ్యాకే తెలిసింది,” అంటాడు భర్త. బస్సుల డిపోలో గుమాస్తా ఆయన. రోజంతా జనం తిట్లు వినీ వినీ, దేనికీ కంగారు పడని స్వభావం అబ్బింది.

సెలవు అయిపోవస్తోంది కదా అని ఎమ్మెస్సీ పాలు పిండి చిన్న చిన్న సీసాల్లో పట్టి ఫ్రిజ్‌లో పెట్టడం మొదలుపెట్టింది. అవి ఎంతసేపు నిలవుంటాయో చూద్దామని ఆ పొద్దున ఫోను తెరిచింది. అక్కడి నుంచి ఒక్కో మెట్టే దిగుతూ జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము దగ్గర తేలింది. పాలలో ఉంటుందది. ఒక పదార్థం దగ్గర ఎలక్ట్రాన్లు లాక్కుని ఇంకో పదార్థానికి అంటగడుతుంది. ఆ రెండోది ఆక్సిజన్ అయితే పెరాక్సైడ్ పుడుతుంది. అంతవరకు చదివేసరికి ఆమెకి పరీక్షల్లో కూడా పట్టని చెమటలు పట్టాయి.

ఫ్రిజ్‌లోని సీసాలన్నీ సింకులో ఒంపేసింది. ఒక్కటి మాత్రం ఉంచుకుని, ఎంజైము చచ్చేలా కాచి చూద్దామని చిన్న గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టింది. భోజనాల బల్ల మీద కొత్త పాలపొడి డబ్బా ఉంది. ఇంకా మూత తీయలేదు. సాయంత్రం నుంచి పాపకి ఆ డబ్బా పాలే పట్టాలనీ, తన పాలు మానేయాలనీ నిర్ణయం అయిపోయింది. అయిపోయిన ఆ నిర్ణయాన్ని తల్చుకుని ఏడవడమే మిగిలింది.

పెద్దమ్మ ఉండేది రెండు వీధుల అవతల. పొట్టిగా, గుండ్రంగా, పాలక్యానుకి కాళ్లొచ్చి నడిచినట్టు ఉంటుంది మనిషి. వస్తూనే సింకు వైపు చూసి ముక్కు ఎగబీల్చింది.

“ఎన్ని సీసాలు పారబోశావే?”

“ఉన్నవన్నీ.”

“పరీక్ష చేయకుండా పాలు పారబోసిన దాన్ని నా సర్వీసంతా వెతికినా చూడలేదు. చివరికి మన ఇంట్లోనే పుట్టింది.” ఆవిడ పొయ్యి ఆర్పేసింది. “ఇదేమిటి, కాచి చంపుతున్నావా?”

“ఎంజైముని.”

“ఆ పాపం ఎందుకులే. పాపేది?”

పాప తండ్రి భుజం మీద ఉంది. అప్పటికే ఆకలి మొదలై పిడికిలి చప్పరిస్తోంది. ఎమ్మెస్సీ డబ్బా వైపు చూసింది, పాప వైపు చూసింది, అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో నిలబడిపోయింది.

పెద్దమ్మ పాపని తీసుకుంటూ అంది: “చూడు తల్లీ. డబ్బా పాలు తాగి ఏనుగుల్లా పెరిగిన పిల్లలు లోకం నిండా ఉన్నారు. పట్టాలంటే పట్టు, నేను అడ్డురాను. కానీ భయపడి మానకు. తెలుసుకుని మానెయ్. అల్లుడూ, మీ పిల్లల డాక్టరమ్మకి ఫోను కొట్టు.”

డాక్టరమ్మ అడిగినవి మూడే ప్రశ్నలు. బరువు పెరుగుతోందా? పెరుగుతోంది. బట్టలు తడుపుతోందా? “ఆరేసుకోవడానికి తాళ్లు చాలట్లేదు మేడమ్,” అన్నాడు భర్త. ఉషారుగా ఉందా? పాపే అందుకుని ఫోనులో వినపడేలా జవాబు చెప్పింది. “అయితే పాలివ్వమనండి. ఆవిడ చదివినదేదో నాకు పంపమనండి, నేనూ చదువుతాను,” అని డాక్టరమ్మ నవ్వి పెట్టేసింది.

ఎమ్మెస్సీ పాలిచ్చింది. కానీ పాప గుటక వేసినప్పుడల్లా ఆమె ముఖం చిన్నబోయింది. పెద్దమ్మకి అది కనపడింది. డాక్టరు మాటతో కడుపు నిండుతుంది గానీ బుర్ర నిండదు. ఈ పిల్ల బుర్ర నిండాలంటే కంటికి కనపడాలి.

“రేపు పొద్దున నాతో పాలకేంద్రానికి రా. ఆ విషం ముఖం ఎలా ఉంటుందో చూపిస్తాను.”

“నీకెలా తెలుసు?”

“తెలియకపోవడమేమిటే! అది నన్నొకసారి ఊరందరి ముందూ నవ్వులపాలు చేసింది. దాంతో నాది పాత పరిచయం.”

ఆ పరిచయం సంగతి చెప్పాలంటే పెద్దమ్మ కథ మొదటి నుంచీ చెప్పాలి.

పెద్దమ్మ పాలకేంద్రంలో చేరింది గాజు సామాను కడగడానికి. చేరిన కొత్తలోనే చేతులు తడిసినంత సేపూ నోరూ ఆడుతూ ఉండేదట. ఈ గొట్టం ఎందుకు, ఆ రంగు ఎందుకు, ఈ పాలు మంచివని మీకెలా తెలుసు అని ఒకటే ప్రశ్నలు. అక్కడి పెద్ద కెమిస్టు విసిగిపోయి, “ఈ అమ్మాయికి పనైనా నేర్పండి, నోరైనా కుట్టండి,” అన్నాడు. నోరు కుట్టడం ఎవరివల్లా కాలేదు కాబట్టి పని నేర్పారు.

ఆవిడ పని రంగు పరీక్ష. పాలు తెచ్చిన ప్రతివాళ్ల క్యానులోంచి కాసిని తీసి ట్యూబులో పోయాలి. దాంట్లో కొలిచి మిథిలీన్ బ్లూ అనే నీలం మందు వేయాలి. రబ్బరు బిరడా పెట్టి, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో నిలబెట్టాలి. పాలలో సూక్ష్మజీవులు ఎక్కువుంటే అవి గాలినంతా మింగేస్తాయి, నీలం త్వరగా తెల్లబడిపోతుంది. మంచి పాలైతే గంటల తరబడి నీలంగానే ఉంటాయి. తెల్లనివన్నీ పాలు కావంటారే, పెద్దమ్మ లెక్కలో తెల్లబడినవి పాలే కావు.

ఆ నీలం చేతికి అంటిందంటే సబ్బుకి లొంగదు. పెళ్లిచూపులకి వచ్చిన వాళ్లు ఆవిడ వేళ్లు చూసి, “అమ్మాయికి ఏదైనా జబ్బా?” అని గుసగుసలాడుకున్నారు. పెళ్లికొడుకు మాత్రం తన రెండు చేతులూ చాపి చూపించాడు. కొట్ల మీద బోర్డులు రాసే మనిషి. గోళ్ల సందుల్లో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. “మీకు ఒక్క రంగేనా? నా దగ్గర మిగతావన్నీ ఉన్నాయి,” అన్నాడట. సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది. పాలకేంద్రంలో ‘నీలం మేడమ్’, ఇంట్లో ‘నా నీలం డబ్బా’, అలా రెండు పేర్లు స్థిరపడిపోయాయి.

ఒకసారి పాలకేంద్రంలో ఒక ముసలమ్మ పాలు తిరగ్గొట్టాల్సి వచ్చింది. ఆవిడకి ఒకే ఒక ఆవు. అందరూ ‘ఒంటావు అవ్వ’ అనేవారు. ఆవుని కన్నకూతురిలా చూసుకునేది. పాలు పితికిన వేడి ఆరకముందే తెచ్చి పోసేది. అలాంటి పాలు ఆ రోజు ట్యూబులో పెట్టీ పెట్టగానే తెల్లబడిపోయాయి. గంటలు నిలవాల్సిన నీలం, టీ తాగి వచ్చేలోపు మాయం!

“అవ్వా, నీ పాలు చెడిపోయాయి. పనికిరావు,” అంది పెద్దమ్మ.

అవ్వ మెట్టు మీద చతికిలబడింది. “ఏవిటీ? చెడిపోయినవి నా పాలా, నీ కళ్లా?”

“రంగు పోయింది అవ్వా. రంగు అబద్ధం చెప్పదు.”

“నా ఆవూ చెప్పదు!” అని అవ్వ క్యాను మూత తీసి, మూత నిండా పాలు పోసి ముందుకి తోసింది. “తాగు. అందరూ చూస్తుండగా తాగు. పులుపు తగిలితే నా క్యాను నీకు వదిలేసి పోతాను.”

వరసలో ఉన్న పాలవాళ్లంతా గుమిగూడారు. పెద్దమ్మ తాగింది. తియ్యగా, కమ్మగా, వెచ్చగా ఉన్నాయి. మూతి మీద తెల్ల మీసంతో తలెత్తి చూస్తే అందరూ పడిపడి నవ్వుతున్నారు. “మేడమ్, ఇంకో మూతెడు పొయ్యమంటారా?” అన్నాడెవడో.

ఇంకొకరైతే ఆ నవ్వుకి ఉడుక్కుని లోపలికి పోయేవారు. పెద్దమ్మకి ఉక్రోషం కన్నా కుతూహలం ఎక్కువ. అవే పాలు ఇంకో ట్యూబులో పోసి, నీలం వేసి, పక్కన నిలబెట్టింది. మొదటి ట్యూబు తెల్లగా ఉంది. రెండోది నీలంగా ఉంది. మధ్యాహ్నమైంది, రెండోది నీలమే. అవ్వ మెట్టు మీదే కూర్చుని, గెలిచిన పహిల్వాను లాగా కాళ్లు ఊపుతోంది.

పాలు ఒకటే, రంగు ఒకటే, తొట్టి ఒకటే. మరి తేడా ఎక్కడుంది? ట్యూబులో ఉంది. పెద్దమ్మ మొదటి ట్యూబు వాసన చూసింది. ముక్కు చురుక్కుమంది. వెన్న శాతం చూడడానికి దాచే పాలలో, విరిగిపోకుండా ఫార్మలిన్ చుక్కలు వేస్తారు. ఆ ట్యూబులు వేరే బల్ల మీద ఉండాలి. కడగడానికి పెట్టిన వాటిలోంచి ఒకటి పొరపాటున ఇటు బల్ల మీదికి వచ్చేసింది, అడుగున కాసిని చుక్కలతో సహా.

అవ్వకి అందరి ముందూ క్షమాపణ చెప్పి పాలు పోయించుకున్నారు. అవ్వ వెళ్తూ వెళ్తూ, “ఆ మూతెడు పాలు మాత్రం ఊరికే తాగావు, గుర్తుపెట్టుకో,” అంది.

కథ అంతటితో అయిపోవాలి. కానీ పెద్దమ్మని ఒక పురుగు తొలిచింది. ఫార్మలిన్ సూక్ష్మజీవుల్ని చంపేది కదా! అది పడితే నీలం ఇంకా ఎక్కువసేపు ఉండాలి. ఎందుకు పోయింది? మర్నాడు అవ్వ పాలనే రెండు భాగాలు చేసి, ఒక భాగం బాగా కాచి, రెండింట్లోనూ ఫార్మలిన్, నీలం వేసి చూసింది. పచ్చిపాలు తెల్లబడ్డాయి. కాచిన పాలు నీలంగానే ఉండిపోయాయి. అంటే రంగుని మింగేదేదో పాలలోనే ఉంది, అది వేడికి చచ్చిపోతుంది! పెద్దమ్మ ట్యూబులు రెండూ చేతిలో పట్టుకుని కెమిస్టు గదిలోకి పరిగెత్తింది. “సార్, నేను ఒకటి కనిపెట్టాను!”

కెమిస్టు చూశాడు, నవ్వాడు. “కనిపెట్టావమ్మా, నిజమే. కాకపోతే మన తాతల కాలంలోనే ఒకాయన కనిపెట్టేశాడు. పచ్చిపాలో కాచిన పాలో తేల్చడానికి ఈ కిటుకే వాడేవారు.”

“పోనీలెండి. ఇద్దరం కనిపెట్టాం. ఇంతకీ ఏమిటది?”

ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఫార్మలిన్ దగ్గర ఎలక్ట్రాన్లు ఉన్నాయి, వదిలించుకోవడానికి సిద్ధంగా ఉంది. నీలం రంగు వాటిని తీసుకోవడానికి సిద్ధంగా ఉంది, తీసుకుంటే తెల్లబడుతుంది. కానీ ఇద్దరికీ ముఖపరిచయం లేదు. పాలలోని ఈ ఎంజైము మధ్యలో నిలబడి ఇటు నుంచి తీసుకుని అటు అందిస్తుంది. పెద్దమ్మ ఠక్కున అంది: “పెళ్లిళ్ల పేరయ్య అన్నమాట! తను పెళ్లి చేసుకోడు, ఇద్దర్నీ కలిపి చెయ్యి దులుపుకుని పక్కకి పోతాడు.”

“ఆ మాట పుస్తకాల్లో లేదు గానీ, ఉంటే బాగుండును,” అన్నాడాయన.

అప్పటి నుంచి పెద్దమ్మ ఉద్యోగం ఉన్నంత కాలం ఆ పేరయ్య గురించి ఎక్కడ ఏ కబురు తెలిసినా చెవి ఒగ్గి వినేది. కబుర్లు కూడా అలాగే మారుతూ వచ్చాయి. పాలలోని పేరయ్య, ఒంట్లో జాంథీన్ అనే పదార్థాన్ని యూరిక్ ఆసిడ్‌గా మార్చే ఇంకో పేరయ్య వేరు వేరనుకున్నారు మొదట్లో. తర్వాత చూస్తే ఇద్దరూ ఒక్కరేనని, ఎమ్మెస్సీ చదివి భయపడ్డ ఆ జాంథీన్ ఆక్సిడేజేనని తేలింది. ఆ యూరిక్ ఆసిడ్ ఎక్కువైతే కీళ్లలో సూదుల్లా పేరుకుంటుంది. ఈ సంగతి పెదనాన్న బొటనవేలికి స్వయంగా తెలిసింది. నిచ్చెనెక్కి బోర్డులు రాసే మనిషి ఒకనాడు మంచం దిగలేకపోయాడు. డాక్టరు రాసిన మాత్ర పేరయ్య పని ఆపే మాత్రేనని తెలిసి పెద్దమ్మ, “చూశారా, నా వాడే మీ కాలు పట్టుకున్నాడు!” అంది. “నీ తరఫువాళ్లు నా కాలు పట్టుకోవడం పెళ్లయిన ఇన్నాళ్లకి ఇదే మొదటిసారి,” అన్నాడు పెదనాన్న.

ఒక రోజుల్లో పాలలోని ఈ ఎంజైము గుండె రక్తనాళాల్ని పాడుచేస్తుందని పుకారు లేచింది. పాలవాళ్లు బెంబేలెత్తారు. పెద్దమ్మ కూడా కొన్నాళ్లు కాఫీలో పాలు తగ్గించింది. తర్వాత జాగ్రత్తగా పరీక్షలు చేసి చూస్తే ఆ మాట నిలబడలేదు. ఇంకొన్నాళ్లకి ఎలుకల మీద చేసిన పరిశోధన గురించి కెమిస్టు చెప్పాడు. ఈ ఎంజైము తక్కువైన తల్లి ఎలుకలకి పాలు సరిగ్గా పడలేదట. పాలలోని వెన్న బొట్లకి పొర కప్పి బయటికి పంపే పనిలో కూడా దాని చెయ్యి ఉందట. “మొదట పరీక్షకి పనికొచ్చే వస్తువన్నారు. తర్వాత దొంగన్నారు. చివరికి చూస్తే పాలు పొట్లం కట్టి పంపేవాడూ వాడే,” అనేది పెద్దమ్మ. “మనిషి గురించి మొదట విన్నది నమ్మితే ఎంత తప్పో, ఎంజైము గురించీ అంతే.”

ఎమ్మెస్సీ సీసాలు పారబోసిన మర్నాడు పొద్దున అందరూ కలిసి పాలకేంద్రానికి వెళ్లారు. రాత్రి కురిసిన వాన నీళ్లా, క్యానులు కడిగిన నీళ్లా తెలియకుండా ఆవరణంతా తడిగా ఉంది. లారీలోంచి క్యానులు దించుతుంటే గంటలు మోగినట్టు మోత. పరీక్షల గదిలో ఇప్పుడు ఉన్నది పెద్దమ్మ దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే, ఇప్పుడు ఆమెకీ తల నెరిసింది. “రా అక్కా! ఇది మా మనవరాలా? పాలు పరీక్షకి తెచ్చారా, పాపనా?” అని ఎదురొచ్చింది. పాపని, తండ్రిని కిటికీ అవతల ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు, ఫార్మలిన్ ఘాటు సోకకుండా. ట్యూబులన్నీ గాలి లాగే పంకా కింద పెట్టారు.

ఎన్నాళ్లకో నీలం సీసా చేతికి రాగానే పెద్దమ్మ వెన్ను నిటారైంది. మూడు ట్యూబులు తీసుకుంది. ఒకదాంట్లో అప్పుడే వచ్చిన పచ్చి ఆవుపాలు, రెండోదాంట్లో కాచిన ఆవుపాలు, మూడోదాంట్లో ఎమ్మెస్సీ ఆ పొద్దున పిండి తెచ్చిన పాలు. మూడింట్లోనూ ఫార్మలిన్, నీలం. బిరడాలు బిగించి వేడినీళ్ల తొట్టిలో నిలబెట్టింది.

“ఇప్పుడు చూడు. మొదటిదీ నీదీ తెల్లబడతాయి. పేరయ్య రంగుతో ఆడుకుంటాడు. వాడిలో విషమెక్కడుందో నువ్వే చెబుదువుగాని.”

కాసేపటికి మొదటి ట్యూబు అడుగు నుంచి తెల్లబడుతూ వచ్చింది. పైన గాలి తగిలే చోట మాత్రం సన్నటి నీలపు ఉంగరం మిగిలింది. పెద్దమ్మ ట్యూబు తీసి గట్టిగా ఊపింది. నీలం తిరిగొచ్చింది! ఎమ్మెస్సీ తన భయం మర్చిపోయి, “అరె! గాలిలో ఆక్సిజన్ తగిలి రంగు మళ్లీ ఎలక్ట్రాన్లు వదిలేసింది!” అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కిటికీ అవతల భర్త పాప చేతులు పట్టుకుని తనూ కొట్టించాడు.

రెండోది, కాచిన పాలది, నీలంగా ఉంది. ఉండాలి కూడా.

మూడోది కూడా నీలంగానే ఉంది.

ఇంకాసేపు చూశారు. నీళ్ల వేడి సరిచూశారు. ఫార్మలిన్ ఇంకో రెండు చుక్కలు వేశారు. టీ వచ్చింది, తాగారు. మూడోది ఆకాశంలా నిక్షేపంగా నీలంగా ఉంది.

ఎమ్మెస్సీ మూడో ట్యూబు తీసి రెండోదాని పక్కన పట్టుకుని చూసింది. “పెద్దమ్మా, నా పాలు కాచిన పాలలా ఉన్నాయి. వాటిలో ఎంజైమే లేదు. ఏదీ పని చేయట్లేదు. నా పాలు చచ్చిపోయాయి!”

పెద్దమ్మ ఆ మాటకి ట్యూబు పక్కన పెట్టి, నడుం మీద చేతులు వేసుకుంది. “ఏమే, నిన్న విషం ఉందని ఏడ్చావు. ఇవాళ విషం లేదని ఏడుస్తున్నావు. నీకు ఏది ఉంటే సంతోషమో ముందు అది చెప్పు, అదే పోస్తాను!”

తల నెరిసిన అమ్మాయి నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది. ఎమ్మెస్సీ ఏడుపు మధ్యలోనే ఫక్కున నవ్వింది. కళ్లలో నీళ్లు, నోట్లో నవ్వు, రెండూ ఒకేసారి.

నవ్వు తగ్గాక పెద్దమ్మ మూడో ట్యూబుని వెలుతురుకి పట్టి చూసింది. ఆవిడ ముఖంలో అవ్వ పాలు తాగిన నాటి కుతూహలమే కనపడింది. “నిజం చెబుతున్నానే, ఎందుకో నాకూ తెలియదు. నేను జీవితమంతా ఆవుల్నీ గేదెల్నీ పరీక్ష చేశాను గానీ తల్లి పాలు ఎప్పుడూ పెట్టి చూడలేదు. నువ్వు సగంలో వదిలేసిన ఆ చదువు ఇప్పుడు బయటికి తియ్యి. ఆ మిగతా సగంలో ఏముందో ఇద్దరం చూద్దాం.”

“నాకు భయం.”

“నేను పక్కన ఉన్నాను. నువ్వు చదువు, నేను వింటాను. భయమేసిన చోట ఆగు, నేను టీ తెప్పిస్తాను.”

పరీక్షల గది బయట బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. ఎమ్మెస్సీ చదువుతూ తెలుగులో చెబుతూ పోయింది. మొదట గొంతు బెరుగ్గా ఉంది. పోనుపోను వేగం అందుకుంది.

తల్లి పాలలో ఆ ఎంజైము ఉంది, బోలెడంత ఉంది. కాకపోతే దాని లోపల ఉండాల్సిన మాలిబ్డినం అనే లోహపు పరమాణువు చాలావాటిలో ఉండదు. అందుకే ఆవు పాలలోని దాంతో పోలిస్తే దాని పని బాగా నిదానం. “అదన్నమాట మూడో ట్యూబు సంగతి!” అని పెద్దమ్మ తొడ చరిచింది. “పేరయ్యలు చాలామందే ఉన్నారు గానీ ఎక్కువమంది చేతిలో జాతకాల సంచీ లేదు!”

ఇంకా చదివింది. పసిపిల్లల ఉమ్ములో జాంథీన్, దాని అన్నదమ్ముల్లాంటి పదార్థాలు పెద్దవాళ్లలో కన్నా చాలా ఎక్కువగా ఉంటాయట. పాప పాలు చప్పరించినప్పుడు ఆ ఉమ్ము, ఈ పాలు కలుస్తాయి. అప్పుడు పెరాక్సైడ్ పుడుతుంది, నిజమే. కానీ ఎంత? గాయం కడిగే సీసాలో ఉన్నదానికి కొన్ని వేల వంతుల్లో ఒక వంతు కూడా కాదు. ఆ కాస్త కూడా ఎందుకంటే...

ఎమ్మెస్సీ ఆగింది.

“టీ తెప్పించనా?”

“వద్దు. ఇది విను పెద్దమ్మా. ఆ కాస్త పెరాక్సైడ్ నోట్లో చెడ్డ సూక్ష్మజీవుల్ని పెరగనివ్వకుండా ఆపుతుందట. మంచివాటిని ఉండనిస్తుందట. ప్రయోగశాలలో పాలూ పసిపిల్లల ఉమ్మూ కలిపి చూశారు. ఇంకా తేలాల్సింది చాలా ఉందని వాళ్లే రాశారు. కానీ ఇది విషం కాదు. కాపలా!” ఆమె ఫోను ఒళ్లో పెట్టేసింది. “సగం పాప తెస్తుంది, సగం నేను తెస్తాను. ఇద్దరం కలిస్తేనే ఆ మందు తయారవుతుంది. నేను సరిగ్గా అక్కడే చదవడం ఆపేశాను!”

“చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు,” అంది పెద్దమ్మ, కిటికీ వైపు చూపిస్తూ.

కిటికీ అవతల పాప నిద్ర లేచింది. ఆకలి పిడికిలి మళ్లీ నోట్లోకి వెళ్లింది. ఎమ్మెస్సీ చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసి, పాపని ఒళ్లోకి తీసుకుంది. పాప గుటకలు వేస్తుంటే ఈసారి తల్లి ముఖం చిన్నబోలేదు. ఒక్కో గుటకకీ ఒక్కో చిరునవ్వు. “తాగు తల్లీ, నీ వాటా నువ్వు కలుపు,” అని గొణిగింది. బయట వరండాలో భర్త పెద్దమ్మని అడుగుతున్నాడు: “అయితే అత్తయ్యగారూ, ఆ డబ్బా ఏం చేయమంటారు? మూత కూడా తీయలేదు.”

“దాచిపెట్టు నాయనా. అవసరమైన రోజు అది కూడా మంచిదే. దానికీ మన మీద కోపం లేదు, మనకీ దాని మీద లేదు.”

ఇంటికి వెళ్లే ముందు పెద్దమ్మ వేళ్లు చూసుకుని మురిసిపోయింది. మళ్లీ నీలం. రెండు సార్లు కడిగినా వదలలేదు. పాప ఆ నీలపు చూపుడు వేలుని గుప్పిట్లో బిగించి పట్టుకుని వదలనంది. సాయంత్రం పెదనాన్న వేళ్లు చూసి, “ఓహో, నా నీలం డబ్బా మళ్లీ నిండింది!” అన్నాడట. ఆ రాత్రే గుమ్మానికి తగిలించడానికి ఒక చిన్న చెక్క బోర్డు రాసిచ్చాడు: ‘ఇచ్చట పాలు పరీక్షించబడును. ఏడుపులు ఉచితముగా ఆపబడును.’

ఎమ్మెస్సీ ఇప్పుడు ఉద్యోగంలో చేరింది. సీసాలు మళ్లీ ఫ్రిజ్‌లో వరసగా నిలబడుతున్నాయి, సింకులోకి వెళ్లడం మానేశాయి. అలాగని భయాలు పోయాయా అంటే, అవెక్కడికి పోతాయి? మొన్న ఆదివారం పాప నుదురు ముట్టుకుంటే కాలుతోంది. చెయ్యి ఫోను దగ్గరికి వెళ్లింది, మళ్లీ ఆగింది. పక్కనే పేపరు చదువుకుంటున్న భర్త నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. అదీ అంతే వేడిగా ఉంది. తన నుదురు చూసుకుంది. అదీ అంతే.

“ఏమిటే, ఆ తడమడం?” అన్నాడు భర్త.

“రెండో ట్యూబు,” అంది ఆమె. తలెత్తి చూస్తే పంకా ఆగిపోయి ఉంది. కరెంటు పోయి ఎంతసేపైందో ఇద్దరికీ తెలియదు. అయినా థర్మామీటరు పెట్టి చూసి, జ్వరం లేదని తేలాక కిటికీలు బార్లా తెరిచింది.

పరీక్ష చేసిన ఆ రోజు పాలకేంద్రం గేటు దగ్గర పెద్దమ్మ బస్సు కోసం నిలబడి చెప్పిన మాట అది. ఒంటావు అవ్వ పాల దగ్గర నేర్చుకుని, ఆనాటి నుంచి ఎవరి పాలూ ఒక్క ట్యూబు చూసి తిరగ్గొట్టకుండా పాటించిన మాట.

“భయమేస్తుంది, వెయ్యనీ. బిడ్డ తల్లికి భయం వేయకపోతే ఇంకెవరికి వేస్తుంది? కానీ ఒక్క ట్యూబు చూసి ఏడవకు. పక్కన శుభ్రమైన రెండోది పెట్టి చూడు, చదివేది చివరిదాకా చదువు. అప్పటికీ ఏడవాలనిపిస్తే నన్ను పిలు, ఇద్దరం కలిసి ఏడుద్దాం.”